ఫోనుని నేను అడగని మాట

నాకు సంతకం వరకే వచ్చు. అదీ సగమే. ‘అప్పల’ అని రాశాక ‘నరసమ్మ’ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అందుకని నేను చెబుతున్నాను, మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. మొదలుపెట్టే ముందే ఆమె దగ్గర ఒక మాట తీసుకున్నాను. నా కుళ్ళుబుద్ధి బయటపడే చోట కలం ఆపకూడదు, మర్యాద కోసం మాట మార్చకూడదు. నాకు జబ్బు చేసిన సంగతి ఊరందరికీ తెలుసు. మూడు నెలలు ఆ జబ్బుని నా ఒంట్లో దాచిపెట్టి పెంచింది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. అది చెప్పకపోతే ఈ కాగితాలు ఎందుకూ పనికిరావు.

మాది నెల్లిమర్ల దగ్గర ఊరు. జూటు మిల్లుకి నడిచి వెళ్ళిపోవచ్చు. మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు పనికి వెళ్ళినవాడు గుండె పట్టేసి అక్కడే పోయాడు. అప్పటినుంచి నేను గోనె సంచులు కుట్టే పనికి వెళుతున్నాను. నా కూతురు ఈశ్వరి విశాఖపట్నంలో బట్టలు కుట్టే కంపెనీలో ఉంటుంది. దాని కూతురు సిట్టికి నాలుగేళ్ళు, నా దగ్గరే పెరుగుతోంది. నా పక్కలో పడుకుంటుంది, నా పళ్ళెంలో తింటుంది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

గోడకి అవతల మా మరిది రమణ, నా తోటికోడలు సరోజ ఉంటారు. మామగారు పోయాక ఒకే ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు చేశారు. ఆ గోడ పైకప్పు దాకా వెళ్ళలేదు. అవతల చెంచా కింద పడితే ఇవతల నాకు వినిపిస్తుంది.

పోయిన ఏడాది, దసరా తరువాతి సిరిమాను జాతర వెళ్ళిన వారానికి

సరోజకి దగ్గు మొదలైంది. వారం దగ్గింది, రెండు వారాలు దగ్గింది. రమణ మిల్లుకి సెలవు పెట్టి, స్కూటరు మీద కూర్చోబెట్టుకుని విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. టీబీ అన్నారు. ఆర్నెల్లు మాత్రలు మింగాలన్నారు.

ఆ కబురు విని నేను అయ్యో అనుకోలేదు. స్కూటరు మీద ఆమె రమణ భుజం పట్టుకుని వెళ్ళిన తీరే నా కళ్ళ ముందు తిరిగింది. మా ఆయన చనిపోయిన నెలలో నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు నీళ్ళు కూడా నేనే లేచి తాగాను. ఇప్పుడు గోడ మీదుగా రోజూ ఒకే మాట వినిపించేది.

“ఇంకో ముద్ద తిను సరోజా. ఇంకొక్క ముద్ద.”

పొద్దున కోడిగుడ్డు, సాయంత్రం పాలు, మధ్యలో వేడినీళ్ళు. ప్రతిదానికీ “సరోజా, సరోజా” అని పిలుపు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా కడుపులో ఎవరో నిప్పుల కుంపటి కదిపినట్టు ఉండేది. ఆ మనిషి ఊపిరి అందక అల్లాడుతుంటే నేను ముద్దలు లెక్కపెట్టాను.

ఈశ్వరి నాకొక ఫోను కొనిచ్చింది. చదవడం రాదు కాబట్టి మైకు బొమ్మ చూపించి, “ఇది నొక్కి ఏటి కావాలో నోటితో అడుగమ్మా, అదే సెప్తాది” అని నేర్పింది. అంతకుముందు దాన్ని వంటలు అడిగేదాన్ని, పూజ ముహూర్తాలు అడిగేదాన్ని. ఆ రోజుల్లో కొత్తవి అడగడం మొదలుపెట్టాను.

“టీబీ వచ్చినట్టు నటిస్తారా?” అని అడిగాను.

ఫోను వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి దగ్గులన్నీ టీబీ కావు అన్నాడు. ఆయన ఇంకా చాలా చెప్పాడు. నేను ఆ ముక్క ఒక్కటే తీసుకుని కొంగున కట్టుకున్నాను. చూశావా, దీనికేమీ లేదు, మొగుడి చేత సేవలు చేయించుకుంటోంది అనుకున్నాను.

తరువాత, “తోటికోడలికి టీబీ వస్తే మొగుడు వదిలేస్తాడా?” అని అడిగాను. ఆ తరువాత, “టీబీ మాత్రలు లివరు పాడుచేస్తాయా?” అని అడిగాను.

దీనికి మాత్రం తులసి కుండీ పక్కన కూర్చున్న ఒక మనిషి దొరికాడు. మాత్రలు విషం అన్నాడు, తన కషాయం తాగమన్నాడు. గోడ అవతలికి వినిపించేలా ఫోను గొంతు పెంచి ఆ వీడియో రెండుసార్లు వేశాను. చాలనిపించలేదు. చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి సరోజ ముందు పెట్టాను.

“సూడవే. నీ మంచికే సెప్తన్నాను. ఇయ్యి మింగితే లివరు పోతాదంట.”

“నిజమేనేటి అప్పా?” అంది. అక్కా అనడానికి నన్ను ఎప్పుడూ అప్పా అనే పిలుస్తుంది.

“ఫోను అబద్ధం సెప్తాదేటి?”

ఆమె మూడు రోజులు మాత్రలు మానేసింది. నాలుగో రోజు ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చే నర్సమ్మ మాత్రల అట్టలు చూసి కోప్పడింది. రమణ అరిచాడు. “ఎవుడు సెప్పినాడే నీకు మానీమని?”

“ఎవులూ సెప్పనేదు. వాంతులవుతంటే నానే మానీసినాను” అన్న సరోజ గొంతు గోడ మీదుగా వినిపించింది.

నేనంటే భయపడి పేరు చెప్పలేదనుకున్నాను. భయం కాదని తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది.

పుష్యమాసం

మిల్లు వాళ్ళకి ఒక అలవాటు ఉంది. పని దిగి గేటు దాటగానే ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటారు. గొంతులో పట్టిన నార ధూళిని బెల్లం లోపలికి లాగేస్తుందని నమ్మకం. మా మామగారు అలాగే చేశారు, మా ఆయన అలాగే చేశాడు. నా చీర కొంగుకి ఎప్పుడూ ఒక బెల్లం మూట ఉంటుంది.

పుష్యమాసంలో నాకు దగ్గు వచ్చింది. ఒక ముక్కకి బదులు రెండు తిన్నాను. తగ్గలేదు. ఫోను తీసి అడిగాను.

“మిల్లు ధూళికి దగ్గు వస్తాదా?”

వస్తుంది అంది. అది నిజమే కదా. ధూళికి దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? ఫోను నాకు అబద్ధం చెప్పలేదు. నాకేం కావాలో నేనే దాని చేతిలో పెట్టి, అదే తిరిగి పుచ్చుకున్నాను. ‘వానకి తడుస్తారా’ అని అడిగి, అవునంటే నేను తడిసింది వానకే అని తీర్మానం చేసుకున్నట్టు. చెరువులో పడ్డానా అని చూసుకోలేదు.

మర్నాటి నుంచి నేను అడగకపోయినా అదే చూపించడం మొదలుపెట్టింది. ఫోను తెరిస్తే బెల్లం, మిరియాలు, ధూళి దగ్గు. ఒక్కొక్కరు ఒక్కో గిన్నె పట్టుకుని వచ్చేవారు. ఇంతమంది చెబుతున్నారంటే నాది ధూళి దగ్గు కాక మరేమిటి అనుకున్నాను. వాళ్ళందరినీ పిలిచింది నేనేనని తోచలేదు.

ఒక సంగతి మాత్రం ఉంది. ఆ ఫోను ఏం చెప్పినా చివర్లో ‘రెండు వారాలు దాటితే డాక్టరుని కలవండి’ అనేది. ఆ ముక్క మొదలవుతుందనగా నా బొటనవేలు దానంతటదే వెళ్ళి నోరు మూసేది. తెలియని మనిషి వేలు అలా పోదు. తెలిసే పోయింది.

ఎందుకంటే అది టీబీ అయితే సరోజ జబ్బు నాకూ వచ్చినట్టు. దానికున్నట్టు మొగుడు లేనప్పుడు దాని జబ్బు మాత్రం నాకెందుకు? ఇదీ నా లెక్క. పైగా నాకు అదే వస్తే స్కూటరు మీద తీసుకెళ్ళేవాడెవడు? ముద్దలు పెట్టేవాడెవడు? గుడ్డు ఉడకబెట్టుకుని ఒంటరిగా ఒలుచుకుంటుంటే, గోడ అవతల సరోజ విని నవ్వుకుంటుందని భయం. ఊపిరితిత్తులు పోతాయన్న భయం కంటే అదే పెద్దది.

రవికలు వదులయ్యాయి. కుట్టు వేసి బిగించుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. ఎండలు ముదురుతున్నాయి కదా అనుకున్నాను. నర్సమ్మ సరోజని చూడడానికి వచ్చి, మా గుమ్మంలోకి కూడా తొంగిచూసి, “ఈ ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?” అని అడిగేది. నోటినిండా నీళ్ళు పట్టుకుని తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె వీధి మలుపు తిరిగే దాకా ఆపుకుని, అప్పుడు పెరట్లోకి వెళ్ళి దగ్గేదాన్ని.

ఒక పొద్దున పెరట్లో పళ్ళు తోముకుంటుంటే ఉమ్ములో ఎర్రటి దారం ఒకటి కనిపించింది. చెంబుడు నీళ్ళు పోసి మట్టిలో కలిపేశాను. చుట్టూ చూసి ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా అడిగాను.

“జూటు ధూళికి గొంతు గీసుకుపోయి రక్తం వస్తాదా?”

రావచ్చు అంది. బొటనవేలు పడింది.

అది మొదటిసారి. తరువాత మరో నాలుగుసార్లు అయింది.

ఫాల్గుణం చివర్లో సిట్టికి దగ్గు వచ్చింది. చిన్న దగ్గు, కోడిపిల్ల కూతలాగ. అప్పుడైనా నా గుండె ఆగాలి. నేనేం చేశానంటే కొంగు ముడి విప్పి, బెల్లం ముక్క కొరికి చిన్నది చేసి, నా నోట్లోంచి తీసి దాని నోట్లో పెట్టాను. అది చప్పరిస్తూ నవ్వింది. ఇది రాయమ్మా, టీచరమ్మా, ఇది వదలకు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు

ఆ రోజు నేను పనికి వెళ్ళలేదు, లేవలేకపోయాను. సిట్టి ఆకలని ఏడుస్తోంది. ఏడుపు విని సరోజ వచ్చింది. అప్పటికి ఆమె మాత్రలు అయిపోవచ్చాయి. మొహంలో నెత్తురు పట్టి కళగా ఉంది. అంత జ్వరంలోనూ ఆ బుగ్గలు చూసి నాకు కుళ్ళు వచ్చింది.

పిల్లకి అన్నం పెట్టి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి, “కాలిపోతన్నావు అప్పా. ఈసురికి ఫోను సేస్తానుండు” అని నా ఫోను తీసుకుంది.

సరోజ అయిదో తరగతి దాకా చదివింది. ఈశ్వరి పేరు కోసం ఎక్కడో నొక్కబోయి మరెక్కడో నొక్కింది. నేను రోజూ అడిగే పెట్టె తెరుచుకుంది. దాని కింద వరసగా అక్షరాలు.

“ఇయ్యేటి అప్పా, ఇన్ని రాసున్నాయి?”

“ఏటున్నాయి?”

నా నోటి మాట గాలిలో కలిసిపోయిందనుకున్నాను. అది విన్నదంతా రాసి దాచిపెట్టుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. సరోజ కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. కొత్తవి పైన, పాతవి కింద.

“సిన్న... పిల్లలకి... బెల్లం... ఎంత... పెట్టాల.”

“అదేదోలే. ఇలాగియ్యి ఫోను” అన్నాను. ఇవ్వలేదు.

“జూటు ధూళికి... గొంతు... గీసుకుపోయి... రక్తం...”

అక్కడ ఆగి నా వంక చూసింది. మళ్ళీ కిందికి వెళ్ళింది. బెల్లం గురించి, చిక్కిపోవడం గురించి, ధూళి దగ్గు ఎన్నాళ్ళుంటుందన్నది. ఒక్కొక్క అక్షరం ఆమె నోట్లోంచి రాలుతుంటే గోడకున్న సున్నం పెచ్చులు నా మీద రాలుతున్నట్టుంది. ఇంకా కింద ఏమున్నాయో నాకు గుర్తుంది. కళ్ళు మూసుకున్నాను.

“టీబీ మాత్రలు... లివరు... పాడుసేస్తాయా.”

“తోటికోడలికి... టీబీ... వస్తే...”

అది పూర్తిగా పైకి చదవలేదు. పెదాలు కదిలాయి. దాని కిందిదీ, నటిస్తారా అన్నదీ, అలాగే చదువుకుంది. తరువాత ఫోను బోర్లా పెట్టింది. సిట్టి పళ్ళెంలో వేళ్ళతో మెతుకులు ఏరుకుంటోంది. బయట చేపలమ్మి కేక వేసుకుంటూ వీధి దాటిపోయింది. తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని చూస్తున్నాను. తిట్టినా బాగుండేది.

“రక్తం ఎన్నిసార్లు పడినాది?” అంది.

“రొండు.”

“నిజం సెప్పు.”

“ఐదు.”

“లెగు. సీర మార్సుకో. పిల్లనీ తీసుకో.”

ఆసుపత్రి బల్ల

ఆటోలో విజయనగరం వెళ్ళాం. సరోజ నా మూతికీ తన మూతికీ గుడ్డ కట్టింది, సిట్టిని తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొహం బయటికి తిప్పింది. ఏ గదికి ముందు వెళ్ళాలో, ఏ కిటికీ దగ్గర చీటీ రాయించాలో ఆమెకి అంతా తెలుసు. అక్కడి ఆయాలు ఆమెని పలకరించారు. అక్కడ కూడా నాకు మంటే. జబ్బులో కూడా ఇది నాకంటే పెద్దదైపోయింది అనుకున్నాను.

చిన్న డబ్బా ఇచ్చి దగ్గి ఉమ్మమన్నారు. ఎక్స్‌రే తీశారు. తరువాత ఒక పొడుగు బల్ల మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ఒక ముసలాయన, పక్కన భార్య. ఆమె చీటీతో ఆయనకి విసురుతోంది. నేను అటే చూస్తున్నానని ఆమె ఏమనుకుందో, లేచి వచ్చి, “ఇక్కడ గాలి రాదు, మా కాడ కూసింత గాలొస్తాది, ఇటొచ్చి కూకో అమ్మా” అని తన చోటు నాకిచ్చి తను గోడకి ఆనుకుంది. ఎవరో తెలియదు. నేను ఆమె మొగుణ్ణి చూసి ఏడుస్తుంటే ఆమె నా చెమట చూసింది.

సరోజ వచ్చి నా పక్కన కూర్చుంది.

“అన్ని నెల్ల నుంచి అడుగుతన్నావు గదా ఆ ఫోన్ని. ‘మూడు నెల్లై దగ్గుతన్నాను, సిక్కిపోతన్నాను, నాకేటైంది’ అని ఒక్కపాలి అడగనేదేటి?”

“అడిగితే సెప్పేస్తాది గదా” అన్నాను.

సరోజ నా వంక చూసి, గుడ్డ కింద నవ్వేసింది. నాకూ నవ్వు వచ్చింది, నవ్వు దగ్గయింది, ముసలాయన భార్య నీళ్ళ సీసా అందించింది.

లోపల చిన్న వయసు డాక్టరమ్మ. “ఎన్ని రోజులుగా దగ్గుతున్నావమ్మా?” అంది. వారం రోజులని నాలుక చివరికి వచ్చింది. సరోజ పక్కనే నిలబడి ఉంది. “మూడు నెలలు” అన్నాను. రక్తం గురించీ చెప్పాను. పిల్ల నా పక్కలోనే పడుకుంటుందని కూడా చెప్పాను. ఆ ఆఖరి మాట విన్నాక డాక్టరమ్మ కలం ఆగింది. పిల్లకి కూడా పరీక్షలు రాసింది. నాది టీబీయేనని సాయంత్రానికే తేల్చారు. సిట్టిది మర్నాడు చెబుతామన్నారు.

ఆ మర్నాడు అదే బల్ల మీద కూర్చున్నాం. సిట్టి నా చెప్పులో తన రెండు పాదాలూ పెట్టి ఆడుకుంటోంది, మధ్యమధ్య దగ్గుతోంది. నా చెయ్యి దానంతటదే ఫోను తీసింది. మైకు బొమ్మ మీద వేలు కూడా పెట్టాను. ‘జలుబుకి కూడా పిల్లలు దగ్గుతారు కదా’ అని అడగబోయాను. దగ్గుతారు అంటుంది. తెలుసు నాకు, అదే అంటుంది. ఆ జవాబు నా ప్రశ్న కడుపులోనే కూర్చుని ఉంది. అది విని ఒక్క క్షణం చల్లబడితే లోపలి కాగితంలో రాసింది మారిపోతుందా?

ఫోను సరోజ చేతిలో పెట్టాను. “నా కాడ ఉంచకు దీన్ని” అన్నాను.

జీవితంలో అంత పొడుగైన పూట నేను చూడలేదు. మా ఆయన శవం కోసం మిల్లు గేటు దగ్గర నిలబడిన రోజు కూడా ఇంత పొడుగు కాదు. ఆ రోజు నేను చేసిన తప్పు ఏమీ లేదు. ఈ రోజు నా నోట్లోంచి దాని నోట్లోకి వెళ్ళిన బెల్లం ముక్క ఉంది.

పిలిచారు. పాప ఛాతీ శుభ్రంగా ఉందన్నారు. దగ్గు ఉత్త జలుబే. కానీ నా పక్కలో పడుకుంది కాబట్టి రాకుండా ఉండడానికి కొన్నాళ్ళు మాత్రలు వెయ్యాలన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. కొంగున ఇంకా బెల్లం మూట ఉంది, తీపి తగిలింది. బయటికి వచ్చి దాన్ని విప్పి కుక్కకి వేశాను.

ఎండాకాలం

సిట్టిని నా జబ్బు బాగుపడే దాకా సరోజ తన దగ్గర పడుకోబెట్టుకుంది. గోడ అవతల నుంచి దాని నవ్వు వినిపించేది. మొగుడు చాలక నా మనవరాలిని కూడా లాక్కుంది అనుకున్న రోజులు ఉన్నాయి. దాచుకోవడం లేదు.

మాత్రలు మొదట్లో కడుపులో దేవేవి. మర్నాడు పొద్దున మూత్రం ఎర్రగా వస్తుందని, బెదిరిపోవద్దని సరోజ ముందే చెప్పింది. చెప్పకపోయి ఉంటే నేను ఫోనుని అడిగేదాన్ని, మాత్రలు విషమన్న మనిషి మళ్ళీ వచ్చేవాడు. రోజూ రెండు గుడ్లు గోడ పక్క నుంచి తెచ్చేది. “మీ మరిది పంపినాడు” అనేది. పంపింది రమణ కాదని, ఆమె పెంచుకునే కోళ్ళ గుడ్లని నాకు తెలుసు. ఆమెకి తెలుసు నాకు తెలుసని.

అయినా బుద్ధి ఊరుకోదు. “సరోజ కన్నా నా టీబీ ముదిరిందా?” అని ఒక రోజు ఫోనుని అడిగాను. జబ్బులోనైనా నాదే పెద్దదవ్వాలని. దానికి సరోజ ఎవరో తెలియదు కదా, ఎక్కడిదో చీరల కొట్టు చూపించింది.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. సరోజ చేతి పని ఆపకుండానే అడిగింది.

“ఆ లివరు ఇడియో. అది నీకు దొరికిందనుకున్నాను. నువ్వే ఎతికినావని అనుకోనేదు.”

“ఎతికినాను.”

“ఎందుకు?”

చెప్పకుండా ఉండవచ్చు. కానీ అబద్ధానికి ఎంత ఖర్చయిందో అప్పటికే చూశాను.

“నీ మొగుడు నీకు ముద్దలు తినిపించేవాడు. ‘ఇంకో ముద్ద, ఇంకో ముద్ద’ అని. గోడ కాడ యిని సచ్చిపోయేదాన్ని.”

సరోజ గింజ ఒకటి తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది.

“ముక్కుకి గుడ్డ కట్టుకునేవాడు అప్పా. మొకం అటు తిప్పుకుని, సెయ్యి ఇంత దూరం పెట్టి, ఒణుకుతా పెట్టేవాడు. ముద్ద సగం ఒళ్ళో పడేది. నాకు ఏరే పళ్ళెం, ఏరే సాప. నాకేం తక్కువ సేసినాడని కాదు. బయపడినాడు, అంతే. పండక్కి నా సేతి అరిసె తిన్నేదు.” గింజలు ఒకవైపు తోసింది. “నువ్వు గోడకి ఇటు ఉండి మాటొక్కటే యిన్నావు.”

 ఫోనులో నాకు కావలసిన ముక్క విని మిగతాది మూసేశాననుకున్నాను. గోడ దగ్గర కూడా నేను చేసింది అదే. ఫోను రాకముందు నుంచీ చేస్తున్నది అదే.

“మరి మూడు రోజులు మానీసినప్పుడు నా పేరెందుకు సెప్పనేదు?”

“సెప్తే మీ మరిది నీ గడప తొక్కనిచ్చేవాడు కాదు. ఎవుల్తో మాటాడాలి నాను?” అంది. “ఊళ్ళో నాతో కూకున్నది నువ్వొక్కదానివే. తిట్టడానికైనా.”

మళ్ళీ సిరిమాను

దసరా వెళ్ళాక నా ఆఖరి మాత్రలు మింగాను. ఉమ్ములో ఏమీ లేదన్నారు. రవికల కుట్లు విప్పాను. సిట్టి మళ్ళీ నా పక్కలోకి వచ్చింది, రాత్రంతా కాళ్ళతో తంతుంది.

జబ్బు పడ్డవాళ్ళకి, పడలేదనుకుంటున్నవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. ఫోనుని అడగొద్దని చెప్పను, నేనే అడగకుండా ఉండలేను. కానీ అడిగేముందు ఒకసారి మీ ప్రశ్నని విని చూడండి. దానికి మీకు ఏ జవాబు కావాలో ముందే తెలిసిపోతుంటే, అది ప్రశ్న కాదు. ఆ పూట ఆసుపత్రికి వెళ్ళండి. ‘డాక్టరుని కలవండి’ అన్న ముక్క దగ్గర మీ బొటనవేలు ఎటు వెళుతుందో చూసుకోండి. నా ఫోను ఇప్పటికీ తెరవగానే బెల్లం చూపిస్తుంది. అది నన్ను ఇంకా ఆ పాత నరసమ్మే అనుకుంటోంది.

సిరిమాను చూడడానికి విజయనగరం వెళ్ళాం. జనంలో రమణ సరోజ చెయ్యి పట్టుకుని దారి చేశాడు. నా కళ్ళు ఆ చేతుల మీదే పడ్డాయి.

“ఏటి సూస్తన్నావు అప్పా?”

“నీ మొగుణ్ణి.”

“గురక పెడతాడు. కావాలంటే వారం రోజులు తీసుకుపో” అంది. రమణ చెవులు ఎర్రబడ్డాయి. “ఒదినా, దీనికి నోరెక్కువైపోనాది” అన్నాడు. నవ్వుకున్నాం. మంట పోలేదు. మాత్రలకి లొంగింది ఊపిరితిత్తులే.

తిరిగి వస్తూ ఆటో స్టాండు దగ్గర సరోజ నాలుగడుగులు వేసి ఆగింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగింది. చెప్పు బాగానే ఉంది. రమణ ఆటో మాట్లాడుతున్నాడు, చూడలేదు. నేను చూశాను. ఏడాది పాటు ఆ మనిషి మీద నేను పెట్టినంత కన్ను ఎవరూ పెట్టలేదు.

పాత నరసమ్మ అయితే ‘తిరిగి తిరిగి అలిసిపోయావు కదే’ అనేది. అవునని ఆమె అనేది, ఇద్దరం ఆటో ఎక్కేవాళ్ళం. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి అడిగాను.

“ఎలాగున్నాదే నీకు?”

సరోజ నన్ను వింతగా చూసింది. “ఏడాదికి అడిగినావు” అంది.

“అడిగినాను గదా. సెప్పు.”

“ఆయాసంగా ఉన్నాది అప్పా. మెట్టెక్కితే ఎడంపక్క పట్టేస్తన్నాది. ఎవులికీ సెప్పనేదు.”

“ఎన్నాళ్ళయి?”

దీనికి జవాబు ఏమిటో నాకు నిజంగా తెలియదు. తెలియకుండా అడిగి, ఆమె నోటివంక చూస్తూ నిలబడ్డాను.

“వినాయక చవితి నుంచి” అంది.

సోమవారం పెద్దాసుపత్రికి వెళుతున్నాం. స్కూటరు తీస్తానని రమణ అన్నాడు. వద్దన్నాను. ఆ బల్ల, ఆ కిటికీ, ఆ డాక్టరమ్మ అన్నీ నాకూ తెలుసు. ఆటోలో మేమిద్దరమే వెళతాం. దారి పొడుగునా ఆమె నా భుజం పట్టుకుని కూర్చోవాలి.